పుట్టని కార్డుకు ఆకుపచ్చ సంతకం

హలో అప్పా, బాగుండారా? నేనే, ప్రొద్దుటూరు మామని. అన్నాలు తిన్న్యారా? తినకుంటే తినేసి రాండి, ఈ పొద్దు చెప్పే భాగం మధ్యలో ఆపేదానికి కాదు. కొత్తగా చేరినోళ్లు గాబరా పడాకండి. ముందు భాగాలు చదవకపోయినా ఇది అర్థమవుతాది. మన డిటెక్టివ్ ఎవరో రెండు ముక్కల్లో చెప్పి కథలోకి పోతా.

వెంకటరమణయ్యకు అరవై రెండేళ్లు. జమ్మలమడుగు వైపు ఒక హైస్కూల్లో గెజిటెడ్ హెడ్మాస్టరుగా పనిచేసి, 2015 జూన్ ముప్పయ్యో తేదీన రిటైరయ్యాడు. ఆ తర్వాత ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో, మేడమీద ఒక గది తీసుకుని పోయిన సొమ్ములూ, దొంగ కాగితాలూ వెతికిపెట్టే పని మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పోలీసు అధికారం లేదు. మాస్టరు అబద్ధం చెప్పడు అనే పేరు మాత్రం ఉంది. ఆ పేరుతోనే ఆయన అన్నం తింటున్నాడు.

2017 ఆగస్టు ఇరవై రెండు, మంగళవారం. పొద్దున పది గంటలా ముప్పై అయిదు నిమిషాలు.

పులివెందులలో నేస్తం బ్యాంకు. ఆ బ్యాంకుకు జిల్లా మొత్తం మీద అదొక్కటే శాఖ. దూరాన ఉండేవాళ్లు రాలేరని, పోస్టులో ఖాతా తెరిచే ఏర్పాటు పెట్టారు. ఫారం నింపి, ఫోటో అంటించి, ఆధార్ కార్డు జిరాక్సు జతచేసి కవర్లో పంపితే చాలు. మనిషి ఎదురుగా రాడు కాబట్టి ఒక షరతు ఉంది. ఆ జిరాక్సు మీద ఒక గెజిటెడ్ ఆఫీసరు, అసలు కార్డును తన కళ్లతో చూశానని సంతకం చేసి ముద్ర వేయాలి. మనిషికి బదులు ఆ సంతకమే బ్యాంకు గడప తొక్కుతుంది.

అలా తెరిచిన ఒక ఖాతా యశోదమ్మ పేరు మీద ఉంది. యశోదమ్మది జమ్మలమడుగు. భర్త లేడు. ప్రొద్దుటూరులో ఒక బట్టలంగడికి లంగాలు కుట్టి ఇస్తూ కూతుర్ని చదివించుకుంటోంది. అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగాలు ఇప్పిస్తామని ఎవరో ఫోన్లు చేసి, ముప్పై నాలుగు మంది ఆడవాళ్ల చేత ఆ ఖాతాలో డబ్బు కట్టించుకున్నారు. ఉద్యోగాలు లేవు, ఫోన్లూ లేవు. మిగిలింది యశోదమ్మ పేరు ఒక్కటే. మోసపోయిన వాళ్లలో నలుగురు ఆమె వీధి వాళ్లే. సాయంత్రం నాలుగున్నర లోపల ఆ ఖాతా ఆమెది కాదని తేలకపోతే, జమ్మలమడుగు ఎస్సై కమాల్ బాషా ఆమెను అరెస్టు చేసి కడపకు పంపిస్తాడు. ఆమె వచ్చి మొరపెట్టుకుంటే మాస్టరు ఈ కేసు పట్టుకుని బ్యాంకుకు వచ్చాడు.

బ్యాంకు తరఫున విచారణ చేస్తున్న ఆఫీసరు పేరు హేమమాలిని. ఊరు బందరు. నలభై ఏళ్లు ఉంటాయి. ఫైలు విప్పి, ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"చూడండి మాస్టారూ. కార్డు ఆమెది. ఫోటో ఆమెది. గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉంది. ఇంకేం కావాలండి?"

"మనిషి కావల్ల" అన్నాడు వెంకటరమణయ్య.

"మనిషి వచ్చేట్టయితే పోస్టెందుకు?"

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కింది మూలలో ఊదారంగు ముద్ర. ముద్ర మీదుగా కార్డు అక్షరాలు పడి, పేరూ బడీ అలుక్కుపోయాయి. ప్రధానోపాధ్యాయులు అన్న మాట ఒక్కటే చదవడానికి వస్తోంది. ముద్ర పక్కన ఆకుపచ్చ సిరాతో సంతకం. రెండు కొండల్లాంటి మెలికలు, కింద ఒక పొడుగు గీత.

ఆ సంతకం ఆయనదే.

ముప్పై ఏళ్లకు పైగా ఆ చెయ్యి అలాగే తిరుగుతోంది. తెలియకుండానే బొటనవేలు జరిగి ఆ సంతకాన్ని కప్పేసింది.

"ఇది ఎవరిదో కనుక్కోవాలని వారం నుంచి తిరుగుతున్నానండి" అంది హేమమాలిని. "ఎవరో హెడ్మాస్టరు. మీరూ ఆ ఉద్యోగం చేసినవాళ్లే కదా, పోల్చగలరేమో చూడండి."

"ముద్ర అలుక్కపోయింది" అన్నాడాయన.

ఆ మాట అబద్ధం కాదు. నిజం కూడా కాదని చెప్పినవాడికి తెలుసు. హేమమాలిని ఆయన బొటనవేలి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

వెంకటరమణయ్య మాట మార్చాడు. "ఫారం మీద యశోదమ్మ సంతకం ఉంది గదా. దాన్ని దేంతో పోల్చి సూసినారు?"

"మా దగ్గరున్న నమూనా సంతకంతో."

"ఆ నమూనా యాడి నుంచి వచ్చింది?"

ఆమె ఫైలు ఒకసారి తిరగేసింది. "అదే కవర్లో."

"అంటే ఫారానికి ఫారమే సాక్షి."

"అందుకేనండీ గెజిటెడ్ సంతకం అడిగేది. మనిషిని చూడటానికి మాకున్న కళ్లు అవే. ఆ కళ్లు చూడకుండానే చూశామన్నాయంటే, తప్పు మాది కాదు. ఆ ఆఫీసరుది."

ఆయన తలెత్తలేదు. కవరు తీసుకుని వెనక అంటించిన స్పీడుపోస్టు చీటీ చదివాడు. పులివెందుల, జులై ఏడు, పదకొండు గంటలా నలభై రెండు నిమిషాలు.

"ఆ పొద్దు పదకొండున్నరకి యశోదమ్మ ప్రొద్దుటూరులో బట్టలంగట్లో ఉంది. లంగాలు అప్పజెప్పినట్టు అంగట్లో చీటీ రాసి ఇచ్చినారు. నేను సూసినా. పదకొండు నలభై రెండుకి పులివెందులలో యట్లుంటాది?"

"కవరు ఎవరైనా వేయొచ్చు. నా కవర్లు మా ప్యూను వేస్తాడు. అంతమాత్రాన అవి నావి కాకుండా పోతాయా? ఇంతకన్నా గట్టిది ఉంటే చెప్పండి. మీ రాయలసీమ వాళ్లు గట్టిగా మాట్లాడితే అదే రుజువు అనుకుంటారు."

మామూలు రోజైతే ఆయన దానికి దీటుగా ఏదో ఒకటి అనేవాడు. ఈరోజు జేబులోంచి భూతద్దం తీసి కాగితం మీదికి వంగాడు.

రెండు సంగతులు కనిపించాయి.

మొదటిది, కార్డు అంచున చిన్న అక్షరాల్లో అచ్చయిన తేదీ. 2016 ఫిబ్రవరి పదకొండు. తప్పుపడిన పుట్టిన తేదీని దిద్దించుకుని యశోదమ్మ తెచ్చుకున్న కొత్త కార్డు ఇది. ఆ తేదీకి వెంకటరమణయ్య రిటైరై ఏడు నెలలు దాటింది. అప్పటికి ఆయన ఏ కాగితం మీదా ఆ ముద్ర వేయడం మానేశాడు. అంటే ఈ సంతకం చేసిన రోజుకి ఈ కార్డు ఇంకా పుట్టలేదు.

రెండోది, సంతకం కింది గీతను కార్డు గీత అడ్డంగా దాటే చోటు. మామూలుగా జిరాక్సు మీద సంతకం చేస్తే నలుపు కిందుంటుంది, సిరా పైనుంటుంది. ఇక్కడ ఆకుపచ్చ కింద ఉంది. జిరాక్సు నలుపు దాని మీద పరుచుకుని ఉంది. ముందు సంతకం పడింది. ఆ తర్వాతే కాగితం మిషన్లోకి పోయింది.

ఆయన భూతద్దం మూసేశాడు. ఇంకేమీ చూడనక్కర్లేదు. ఆ కాగితం ఎలా పుట్టిందో ఈ లోకంలో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

2015 జూన్. స్కాలర్‌షిప్పు ఫారాల రోజులు. కార్డుల జిరాక్సులు పట్టుకుని పిల్లల తల్లిదండ్రులు పొద్దున ఎనిమిదికే బడి ముందు నిలబడేవాళ్లు. ఒక్కొక్కరి అసలు కార్డు తీసి, జిరాక్సుతో సరిచూసి, సంతకం చేసి పంపితే మధ్యాహ్నం కునుకు దక్కేది కాదు. రిటైరవడానికి ఇంకా మూడు వారాలే. అప్పుడు ఆయన ఒక ఉపాయం చేశాడు. రెండు వందల తెల్ల కాగితాల మీద కింది మూలన ముద్ర వేసి, ఆకుపచ్చ సంతకాలు చేసి, బస్టాండు ఎదురుగా ఉన్న ఆదినారాయణ జిరాక్సు అంగట్లో ఇచ్చాడు. ఆ కాగితాలను మిషన్లో పెడితే, జిరాక్సు బయటికి వచ్చేసరికే దాని మీద హెడ్మాస్టరు సంతకం ఉండేది. జనానికి నిలబడే పని తప్పింది. మా సారు దేవుడు అన్నారు. ఆ మాట ఆయన చాలా రోజులు మనసులో పెట్టుకుని సంతోషపడ్డాడు.

"ఏమైనా దొరికిందా?" అంది హేమమాలిని.

"బ్యాంకు పాసుబుక్కు, ఏటీఎం కార్డు ఏ చిరునామాకి పంపినారు?"

ఆమె ఫారం తిప్పి చూసింది. "కేరాఫ్ ఆదినారాయణ జిరాక్స్, బస్టాండు ఎదురుగా, జమ్మలమడుగు. రిజిస్టరు పోస్టులో పంపాం."

"ఆడికి పోదాం."

"నేనూ వస్తాను. ఫైలు నా చేతిలోంచి కదలదు. బ్యాంకు కారుంది, ఎక్కండి."

ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరేసరికి ఒంటిగంటా అయిదు. దారి పొడుగునా ఆమె ఒళ్లో ఫైలు ఉంది. అందులో పైన ఉన్న కాగితం ఏదో ఆయనకు తెలుసు.

అంగడి ముందు కారాగగానే హేమమాలినికి హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆమె బయట నిలబడి మాట్లాడుతుంటే వెంకటరమణయ్య ఒక్కడే లోపలికి పోయాడు. ఆదినారాయణ గబుక్కున లేచాడు. యాభై ఏళ్ల మనిషి, చేతులకు ఎప్పుడూ మిషన్ నలుపు.

"రాండి సార్, కూచ్చోండి. సోడా తెప్పించల్లా?"

"వద్దు. అడిగినదానికి చెప్పు. యశోదమ్మ పేరు మీద పోయిన నెల బ్యాంకు నుంచి రిజిస్టరు కవరు వచ్చింది. ఎవరు తీసుకున్యారు?"

"మా భానుగాడు సార్. భానుప్రకాష్. ఈ బల్ల మీద కూచ్చోని ఫారాలు నింపుతాండె గదా. మీ శిష్యుడే. పదో తరగతిలో మీరే ప్రైజు ఇచ్చినారు."

"వాడు సంతకం పెడితే పోస్టుమ్యాన్ ఇచ్చేసినాడా?"

"అందరి కవర్లూ ఈడికే వస్తాయి సార్. ఊర్లో సగం మందికి ఇదే అడ్రసు. పోస్టాయప్ప వస్తాడు, భానుగాడు సంతకం పెడతాడు, తీసుకుంటాడు. ఇన్నేండ్లలో ఎవురూ ఏందని అడగల్యా."

"వాడిప్పుడు యాడున్నాడు?"

"పది దినాలాయె, రావడంల్యా. పులివెందులలో అంగడి పెడతాండా అన్న్యాడు. ఫోను కలవడంల్యా సార్."

"యశోదమ్మ ఫోటో, కొత్త కార్డు వాడికి యట్లొచ్చినాయి?"

"ఆ యమ్మి పోయినేడు కూతురి కాలేజీ ఫారానికని ఈడ్నే ఫోటో తీయించుకునింది. కార్డు జిరాక్సూ ఈడ్నే. అన్నీ కంప్యూటర్లో ఉంటాయి సార్. తీసెయ్యం మేము."

వెంకటరమణయ్య జిరాక్సు మిషన్ దగ్గరికి నడిచాడు. కాగితాలు పెట్టే అర లాగి చూశాడు. మామూలు తెల్ల కాగితాలే. మళ్లీ తోసేశాడు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది.

"ఆ కాగితాలు ఏమైనాయి?"

"ఏ కాగితాలు సార్?"

"నేను ఇచ్చినవి."

ఆదినారాయణ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అరవై దాకా వాడినాం సార్. అంతలో మీరు రిటైరైనారు. నూటా నలభై దాకా మిగిలినాయి. పారేసేదానికి చెయ్యి రాక బీరువాలో పెట్టినా. మీరు అడుగుతారని నాలుగు దినాల నాడు తెరిచి సూస్తే, కట్ట ల్యా. అడుగున అంటుకోని ఇదొక్కటే ఉన్న్యాది."

సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. మొత్తం తెలుపు. కింది మూలన ఊదారంగు ముద్ర, ఈ ముద్రలో పేరూ బడీ స్పష్టంగా ఉన్నాయి. పక్కన రెండు కొండలు, ఒక గీత. రెండేళ్లకు కాగితం అంచులు పసుపెక్కాయి కానీ సిరా మాత్రం నిన్న పెట్టినట్టే ఉంది.

"నేనడుగుతానని నీకెట్ల తెలుసు?"

"ఆ యమ్మి మీద కేసు అని ఇన్న్యాక ఎవురికైనా తెలుస్తాది గదా సార్." ఆదినారాయణ సొరుగులోంచి అగ్గిపెట్టె తీశాడు. "ఒక మాట చెప్తా, కోపగించుకోవాకండి. దీన్ని ఈడ్నే కాల్చేద్దాం. మీరు ఖాళీ కాగితాలు ఇచ్చినారని నాకు, ఆ భానుగాడికి తప్ప ఎవురికీ తెలీదు. నేను చెప్పను, మీరు చెప్పాకండి. ఆ యమ్మి సంగతి కోర్టులో యట్లో గట్ల తేలుతాది. ఆమె పేరుదేముంది సార్, లంగాలు కుట్టుకునే మనిషి. మీ పేరు అట్లాంటిదా?"

వెంకటరమణయ్య వెంటనే వద్దనలేదు. బయట హేమమాలిని ఫోనులో మాట్లాడుతున్న మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ కాసేపు ఆయన అగ్గిపెట్టె వైపే చూశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఒంటిగంటన్నరకు హేమమాలిని లోపలికి వచ్చింది. "కవరు ఎవరు తీసుకున్నారో తెలిసిందా?"

"భానుప్రకాష్ అని ఒక పిల్లోడు. ఈడ ఫారాలు నింపుతాండె. పరారీలో ఉండాడు."

"కవరు ఆమె కోసమే తీసుకుని ఆమెకే ఇచ్చి ఉండొచ్చు కదా. మరి సంతకం? ఆ హెడ్మాస్టరు ఎవరో తెలిసిందా?"

"లేదు" అన్నాడు.

పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నోటితో అన్న మాట అది. ఆదినారాయణ ఆయనకు సాయం చేసినవాడిలా చిన్నగా తలాడించాడు. ఆయన వాడి వైపు చూడకుండా కారు దగ్గరికి నడిచాడు.

సాయంత్రం నాలుగూ అయిదు. జమ్మలమడుగు పోలీసు స్టేషన్.

వరండాలో బెంచీ చివర యశోదమ్మ కూర్చుని ఉంది. కొంగు తలమీంచి ముఖం మీదికి లాక్కుంది. గేటు బయట ఆమె వీధి ఆడవాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లు తిట్టడం లేదు, ఊరికే చూస్తున్నారు. హేమమాలిని ఫైలుతో లోపలికి పోయింది. వెంకటరమణయ్య ఆమె ముందు ఆగాడు.

"వచ్చినారా సార్" అంది యశోదమ్మ కొంగు తీయకుండానే. "పొద్దున్నుంచి ఈడ్నే కూచ్చోబెట్టినారు. కాలేజీ ఇడిచినాక పిల్లోల్లంతా ఈ దావనే పోయినారు. నా కూతురు శిల్ప స్నేహితురాళ్లు సూసినారు."

"ఒక్కటి అడగల్ల యశోదమ్మా. నీ కార్డు మీద హెడ్మాస్టరు సంతకం ఎప్పుడు పెట్టించుకున్యావు?"

"మీరే గదా సార్ పెట్టింది." ఆమె ఆశగా కొంగు కొంచెం జరిపింది. "మా శిల్ప స్కాలర్‌షిప్పుకి, రెండేండ్ల కిందట. పాత కార్డు మీద. ఆ పొద్దు మీ బడికాడికి వచ్చి నిలబడినా. జనం శానా ఉండ్రి. ఆదినారాయణ అంగడికి పొమ్మన్న్యారు. పోతే కాగితం చేతికిచ్చినాడు, మీ సంతకం ఉన్న్యాది. జనంలో నన్ను సూసే పెట్టినారు అనుకున్యా. అందుకే ఈ కష్టం రాంగనే నేరుగా మీ కాడికే వచ్చింది. ప్రొద్దుటూరులో ఇంగొకరు లేకనా? లోపలికి పోయి ఒక్క మాట చెప్పండి సార్. ఈ మనిషిని నేను ఎరుగుదును, ఇట్లాంటి పని చేసేది కాదు అని. మీరు చెప్తే నమ్ముతారు."

ఆయన లోపలికి పోయాడు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "నువ్వు గూడా రామ్మా" అన్నాడు.

ఎస్సై కమాల్ బాషా కాగితాలు సర్దుకుంటున్నాడు. "కూచ్చోండి సార్. ఇంగా ఇరవై నిమిషాలుంది. ఏమైనా తెచ్చినారా, ల్యాకుంటే బండి తీయమంటా."

వెంకటరమణయ్య కూర్చోలేదు. లోపలి జేబులోంచి మడత కాగితం తీసి, విప్పి, బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేశాడు. పక్కన భూతద్దం పెట్టాడు.

"మేడమ్ ఫైల్లో ఉండే సంతకం నాది. ఇదీ నాదే. 2015 జూన్‌లో రెండు నూర్ల తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టి, ముద్రలు కొట్టి జిరాక్సు అంగట్లో ఇచ్చినా. కార్డులు సూసే పని తప్పించుకునేదానికి."

వెంకటరమణయ్య ఫైల్లోని జిరాక్సు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఆ జిరాక్సులో కార్డు తేదీ సూడండి. 2016 ఫిబ్రవరి. నేను అప్పటికే రిటైరైనా. గీత మీద గీత పడిన కాడ అద్దం పెట్టి సూడండి. నా సంతకం కిందుంది, జిరాక్సు నలుపు పైనుంది. సంతకం ముందు పడింది, కార్డు తర్వాత పడింది. ఈ కాగితం మీద యశోదమ్మను ఎవరూ సూడల్యా. కంప్యూటర్లో ఆమె కార్డు, ఫోటో ఉండే ఎవడైనా సరే, ఇంట్లో కూచ్చోని ఆమెను తయారు చేసి పోస్టులో పంపిండచ్చు. పాసుబుక్కు కవరు తీసుకున్న్యది భానుప్రకాష్. పోస్టాఫీసులో వాడి సంతకం ఉంటాది, తెప్పించుకోండి."

కమాల్ బాషా అద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత హేమమాలినికి ఇచ్చాడు. ఆమె చూసి, ఫైలు పక్కన పెట్టింది.

"నిజమేనండి. నలుపు పైనుంది" అంది.

"అంటే ఈ యమ్మికీ ఆ ఖాతాకీ ఉన్న ఒక్క ముడీ సార్ సంతకమే" అన్నాడు కమాల్ బాషా మెల్లగా. "అది ఊడిపాయె. యశోదమ్మా, నువ్వు ఇంటికి పోమ్మా. పిలిచినప్పుడు వచ్చి వాంగ్మూలం ఇస్తే చాలు. గేటుకాడ ఆడోళ్లకి నేనే చెప్తా, నీ తప్పేమీ ల్యాదని."

యశోదమ్మ కదలలేదు. కొంగు ఎప్పుడు జారిందో తల మీద లేదు. వెంకటరమణయ్య వైపు చూస్తోంది.

"అయితే ఆ పొద్దు మీరు నన్ను సూడనే ల్యాదా సార్?"

"లేదమ్మా."

"ఒక్కసారి గూడా?"

"లేదు."

ఆమె కోపం చేసుకోలేదు, ఏడవలేదు. నమస్కారం పెట్టడానికి అలవాటుగా లేచిన చేతులు సగంలో ఆగి, కొంగు సరిచేసుకున్నాయి. ఆమె వెళ్లిపోయింది. కమాల్ బాషా కూడా లేచి గేటు దాకా పోయి, ఆ నలుగురు ఆడవాళ్లతో రెండు మాటలు చెప్పి వచ్చాడు.

వెంకటరమణయ్య కుర్చీ పట్టుకున్నాడు. సిగ్గుగా ఉంది, కానీ ఆ సిగ్గు కిందే ఎక్కడో ఒక తేలిక కూడా మొదలైంది. చెప్పేశాను, అయిపోయింది అనుకున్నాడు.

"అయిపోలేదండి మాస్టారూ" అంది హేమమాలిని, ఆయన మనసు విన్నట్టు. "కూర్చోండి."

ఆమె సంచిలోంచి ఇంకో ఫైలు తీసింది. "ఆ సంతకం మీదేనని నాకు ముందే తెలుసు. విద్యాశాఖలో మీ పాత సంతకాలు తెప్పించుకుని చూశాను. పొద్దున పదీ ముప్పై అయిదుకి మిమ్మల్ని అడిగాను. వేలు అడ్డం పెట్టారు. ఒంటిగంటన్నరకి అడిగాను. లేదన్నారు. ఇప్పుడు నాలుగూ పదిహేనుకి చెప్పారు."

"చెప్పినాడు గదా మేడమ్" అన్నాడు కమాల్ బాషా.

"చెప్పారు. దగ్గర దగ్గర ఆరు గంటలు ఆలోచించుకుని చెప్పారు. తోడుదొంగ కూడా అంతే ఆలోచిస్తాడు." ఫైలు విప్పింది. "మీ సంతకంతో పోస్టులో తెరిచిన ఖాతాలు మా దగ్గర ఇంకా పన్నెండు ఉన్నాయి. పదకొండింటిలో నలుపు పైనుంది, మీరు చెప్పినట్టే. పన్నెండోది చూడండి."

బల్ల మీద పెట్టిన ఫారంలో ఫోటో చూసి వెంకటరమణయ్య దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. మెడలో పూలదండతో తన ముఖమే. రిటైరైన రోజున బడి గేటుకు కట్టిన ఫ్లెక్సీలోంచి కత్తిరించిన ఫోటో. పేరు వెంకటరమణయ్య. కార్డు తనది. ఆ అంగట్లో తను ఎన్నిసార్లు జిరాక్సు తీయించుకున్నాడో.

"జులై పంతొమ్మిదిన తెరిచాం. ఆఫీసరు కాబట్టి తన కార్డు మీద తనే సంతకం చేసుకుంటే ఒప్పుకున్నాం. యశోదమ్మ ఖాతాలో పడిన డబ్బంతా మూడు విడతల్లో ఈ ఖాతాలోకి వచ్చింది. ఆగస్టు పన్నెండున ఖాళీ అయింది."

"నేను తెరవలేదు. నా కాగితాలతోనే వాడు..."

"అద్దం పెట్టి చూడండి."

ఆయన వంగి చూశాడు. సంతకం గీతా, కార్డు గీతా కలిసే చోటు వెతికాడు. మళ్లీ చూశాడు. అద్దం తుడిచి మూడోసారి చూశాడు.

ఈ కాగితంలో నలుపు కింద ఉంది. ఆకుపచ్చ సిరా దాని మీదుగా, తడిగా జారినట్టు, తళతళలాడుతూ పోయింది. ఇది తను ఖాళీ కాగితం మీద చేసిన సంతకం కాదు. జిరాక్సు తీశాక, చేత్తో, ఈ మధ్య చేసిన సంతకం. రెండు కొండలు, ఒక గీత, ఎక్కడా వంకర లేదు.

నూటా నలభై నమూనాలు ముందు పెట్టుకుని ఒకడు రెండేళ్లు చెయ్యి తిప్పి నేర్చుకున్నాడు. ముద్ర చేయించుకోవడానికి ఊరూరా అంగళ్లున్నాయి. ఇక వాడికి తన కాగితాలతో పనిలేదు. ఏ కాగితం మీదైనా, ఏ రోజైనా, వెంకటరమణయ్య కాగలడు. ఆ సంగతి ఈ గదిలో ఆయనకు ఒక్కడికే అర్థమైంది. చెబితే నమ్మడానికి మాత్రం ఎవరూ లేరు.

"మీ రుజువు మంచి రుజువేనండి" అంది హేమమాలిని. ఆమె గొంతులో గెలిచిన సంతోషం లేదు. "ఆ రుజువు ప్రకారమే ఈ సంతకం చేసింది మీరు. కాదని చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే పిలిపించండి."

ఆదినారాయణ పేరు నాలుక దాకా వచ్చి ఆగింది. మధ్యాహ్నం వాడు అగ్గిపెట్టె తీసినప్పుడు తను కాదనకుండా నిలబడ్డ సంగతి వాడికి తెలుసు. పిలిస్తే అదీ చెబుతాడు.

కమాల్ బాషా యశోదమ్మ కోసం తీసిపెట్టిన కాగితాలు పక్కకు జరిపి, కొత్త కాగితం ముందుకు లాక్కున్నాడు. పెన్ను మూత తీశాడు. ఇంతకుముందు ఉన్న సార్ అనే పిలుపు ఇంకా ఉంది కానీ, చూపు మారిపోయింది.

"రాసుకోవల్ల సార్, తప్పదు. పేరు చెప్పండి."

వెంకటరమణయ్య చెప్పాడు.

"గట్టిగ చెప్పండి సార్. ఇనపడల్యా."

ఇంతే అప్పా ఈ పొద్దుటికి. మాస్టరును తిట్టల్లనిపిస్తే తిట్టండి, నాకేం బాధ ల్యా. కానీ ఒక పని చేయండి. మీ ఫోన్లో ఉండే నంబర్లలో, సంతకాలు పెట్టే ఆఫీసర్లు, హెడ్మాస్టర్లు, పశువుల డాక్టర్లు ఎవురైనా ఉంటే వాళ్లకి దీన్ని ముందు పంపండి. ఆ తర్వాత జిరాక్సు అంగట్లో కార్డులు ఇచ్చి మర్చిపోయే మన ఇంటోళ్లకి పంపండి. ఉంటా మరి.